మా అమ్మకు జరగని ఆపరేషన్

కుక్కకు కేన్సరొచ్చిందని ఏడ్చిన మాదిగదాన్ని నేను. ఈ ఒక్క ముక్క రాయటానికి నాకు చాలా రోజులు పట్టింది. రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను. సభల్లో కారంచేడు గురించి, చుండూరు గురించి మాట్లాడినదాన్ని. మన మనుషుల చావులకే లెక్కాపత్రం లేని దేశంలో కుక్క జబ్బు గురించి రాస్తావా అని మీలో కొందరు అడుగుతారు. మీకంటే ముందు నన్ను నేనే అడుక్కున్నాను. సమాధానం వెతుక్కుంటూ పోతే మా అమ్మ దగ్గర తేలాను. అందుకని కాస్త ఓపిగ్గా వినండి.

2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం. పెరట్లో పంపు దగ్గర మల్లికి నీళ్ళు పోస్తున్నాను. మల్లి మా కుక్క. తొమ్మిదేళ్ళది. సబ్బు రుద్దుతూ పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చాను. ఆడకుక్కకు పొట్ట కింద రెండు వరసల్లో మామూలుగా పది చన్నులుంటాయి. ఎడమ వరసలో నాలుగో చన్ను దగ్గర నా వేళ్ళు ఆగిపోయినై. ఉసిరికాయంత గడ్డ. నొక్కాను. మల్లి అరవలేదు. నా చెయ్యి నాకింది. పంపు అట్టాగే పారుతుంది, నేను కట్టెయ్యలేదు.

గడ్డలంటే నా చేతికి తెలుసు. మా తాత నేర్పాడు. మాది డెల్టాలో కాలవగట్టు పక్కన మాదిగపల్లె. ఊళ్ళో ఏ ఆసామి ఇంట గొడ్డు చచ్చినా తాతకు కబురొచ్చేది. వానైనా రాత్రైనా పోవాల్సిందే. అది కూలిపని కాదు, వెట్టి. మోసుకొచ్చి ఊరిబయట దిబ్బ మీద తోలు తియ్యాలి. చిన్నప్పుడు నేనూ వెనకాల పోయేదాన్ని. కోసేటప్పుడు లోపల గడ్డ కనబడితే తాత బొటనవేలితో నొక్కి చూసేవాడు. "ఇది జారే గడ్డే పిల్లా, దీంతో ఏం కాదు" అనేవాడు ఒకసారి. ఇంకోసారి మొహం మాడ్చుకుని, "ఇది ఏళ్ళూనింది. దీన్ని ఎవురూ తినబాకండి" అని గొడ్డు మొత్తం గోతిలో పెట్టించేవాడు. ఆకలితో ఉన్న పల్లె చూస్తుండగా అంత మాంసం పూడ్పించాలంటే ఎంత నమ్మకముండాలి ఆ వేలి మీద! బడి మొహం చూడని మనిషి.

మల్లి గడ్డ జారలేదు. పట్టుకుని ఉంది.

మల్లి మా ఇంటికెట్టా వచ్చిందో చెప్పాలి. టీచరుద్యోగం వచ్చినాక కూడా పట్నంలో మాకు అద్దె ఇల్లు దొరకటం కష్టమైంది. ఒకావిడ ఇల్లంతా చూపించింది, పంపులు తిప్పి చూపించింది. చివరికి వరండాలో నిలబెట్టి, "ఏమీ అనుకోకండి, మీరెవరు?" అంది. ఆమె ఇంట్లో సోఫా మీద తెల్లకుక్క ఒకటి పడుకోనుంది. చెప్పాను. "అయ్యో, నిన్ననే ఇంకొకళ్ళకి మాటిచ్చామండీ" అంది. సోఫా మీది కుక్క నన్ను చూసి తోకాడించింది. దాని దగ్గర ఏ తేడా లేదు.

ఆ తర్వాత లోను పెట్టి ఊరి చివర మూడు సెంట్లలో ఇల్లు కట్టుకున్నాం. 2014లో పునాదులు పడుతుంటే ఇసకకుప్పలో ఒక కుక్కపిల్ల దొరికింది. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉండేది. మేస్త్రీలు పెట్టిన మెతుకులు తిని అక్కడే పెరిగింది. గృహప్రవేశం నాడు ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చి మూల పడుకుంది. ఏ పేరు పెడదామంటే మా ఆయన మల్లి అన్నాడు. అంతే.

మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడు, శ్వపచుడు ఊరిబయట ఉండాలని, కుక్కలూ గాడిదలే వాళ్ళ ధనమని రాసుంది. శ్వపచుడంటే కుక్కను వండుకు తినేవాడని అర్థం. మనకు పెట్టిన పేర్లలో అదొకటి. బళ్ళో సుమతీ శతకం చెప్పేటప్పుడు, కుక్కను బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా దాని బుద్ధి మారదన్న పద్యం వచ్చినప్పుడల్లా మా పంతులు మా వరస వైపు చూసేవాడు. పద్యం అప్పజెప్పమని కూడా మమ్మల్నే లేపేవాడు. కుక్క అనే మాట మా చెవుల్లో ఎప్పుడూ ఒట్టి జంతువు పేరుగా పడలేదు. కుక్కబతుకు, కుక్కచావు, కుక్కల్లారా. అట్టాంటి మాట పెట్టుకుని పెరిగినదాన్ని, ఇంట్లో కుక్కను పెట్టుకున్నానంటే నాకే ఒక్కోసారి నవ్వొచ్చేది. మనువు రాసిచ్చిన ఆస్తి ఇన్నాళ్ళకి నా చేతికొచ్చింది అనేదాన్ని మా ఆయనతో.

మర్నాడు సెలవు పెట్టి మల్లిని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ప్రైవేటు ఆసుపత్రి. బెంచీల మీద లాబ్రడార్లు, పగ్గులు, బొచ్చుకుక్కలు. మల్లి మెడకు పాత చున్నీ కట్టి తీసుకుపోయాను. పక్కనావిడ అడిగింది, "ఏం బ్రీడండీ?" నాటుకుక్కేనండి అన్నాను. ఆవిడ తన కుక్కను ఒళ్ళోకి లాక్కుంది. "వీధికుక్కలకి ఏవేవో ఉంటాయి కదా" అని జరిగి కూర్చుంది. ఆ జరగటం నాకు తెలుసు. బస్సుల్లో చూశాను, బడి భోజనాల దగ్గర చూశాను. ఈసారి జరిగింది నా కుక్క నుంచి. కోపం మాత్రం పాతదే వచ్చింది.

కాంపౌండరు కార్డు రాశాడు. జాతి అన్న చోట ఎన్.డి. అని రాశాడు. అదేంటి బాబూ అంటే, "నాన్ డిస్క్రిప్ట్ మేడమ్. అంటే ఫలానా అని చెప్పటానికి లేనిది" అన్నాడు. అతని తప్పేం లేదు, వాళ్ళ కార్డుల్లో అట్టాగే రాస్తారట. నిలబడ్డ చెవీ వాలిన చెవీ, ఎర్రమట్టి రంగు, వానొస్తే నా మంచం కింద దూరే అలవాటు, ఇన్ని ఉన్నదాన్ని పట్టుకుని చెప్పటానికేం లేదని రాసుకున్నారు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి వయసుంటుంది. ఆమె మాత్రం మల్లిని బల్ల మీదికి ఎక్కించి, చెవుల వెనక నిమిరి, "ఏం మల్లీ" అని పేరుతో పలకరించింది. గడ్డలో సూది గుచ్చి కొంచెం తీసి గాజుపలక మీద పూసింది. రొమ్ముకు ఎక్స్‌రే తీయించింది. రెండ్రోజుల తర్వాత రమ్మని, కూర్చోబెట్టి, వివరంగా చెప్పింది.

"ఆడకుక్కలకి ఎక్కువగా వచ్చే గడ్డలు ఇవేనమ్మా. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని వాటికి మరీ ఎక్కువ. మొదటిసారి ఎదకు రాకముందే చేయించి ఉంటే చాలావరకు వచ్చేది కాదు. ఇట్టాంటి గడ్డల్లో దాదాపు సగం కేన్సరువే ఉంటాయి. దీన్ని చూస్తే నాకు అనుమానంగానే ఉంది. అయితే మూడు సెంటీమీటర్ల లోపే ఉంది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇవి ముందు గజ్జల్లో బిళ్ళలకి పాకి, అక్కణ్ణించి ఊపిరితిత్తులకు పోతాయి. అటు పోకముందే తీసేద్దాం."

ముందే చేయించి ఉంటే అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. తొమ్మిదేళ్ళు అన్నం పెట్టాను, ఆ సంగతి తెలుసుకోలేదు. నోరు లేనిదానికి నేను కదా తెలుసుకోవాల్సింది. ఆటోలో వస్తూ మల్లి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఆటో అబ్బాయి అద్దంలో చూసి, "ఎవురికమ్మా బాగోలేదు?" అన్నాడు. కుక్కకి అని చెప్పలేకపోయాను. "మా ఇంట్లో వాళ్ళకి" అన్నాను.

ఆపరేషనుకీ పరీక్షలకీ కలిపి ఇరవై వేలు దాకా అవుతుందన్నారు. మా ఆయన ఒక్కమాట ఎక్కువ మాట్లాడలేదు. "చేయిద్దాం" అన్నాడు. ఏప్రిల్ 14 కోసం జయంతి కమిటీకి నేనివ్వాల్సిన చందా ఆ నెల ఆలస్యమైంది. కమిటీలో తమ్ముడి వరసైన ఒకతను ఇంటికొచ్చాడు. మంచివాడు, ఏ అర్ధరాత్రి ఆసుపత్రికి పిలిచినా వచ్చే మనిషి. సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని అన్నాడు:

"అక్కా, నువ్వు పెద్దదానివి, నేను చెప్పకూడదు. ఇరవై వేలు కుక్కకా? మన వాడలో డయాలసిస్‌కి పోవటానికి బస్సు ఛార్జీల్లేని వాళ్ళున్నారు. కుక్కల్ని పెంచటం, ఏడవటం, ఇయ్యన్నీ వాళ్ళ అలవాట్లక్కా. మనకెందుకు?"

నేను కోప్పడలేదు. అతని మాటలో అబద్ధం లేదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నది ఎందుకు? పశువులు తాగే చెరువులో మనుషులు తాగటానికి వీల్లేదన్నందుకు. జంతువుకిచ్చే పాటి చోటు మనకివ్వని దేశం ఇది. కాబట్టి కుక్క మీద ప్రేమ అంటే మనకు గొంతులో అడ్డం పడుద్ది. అది నాకు తెలుసు.

అతను పోయాక హాల్లో గోడ మీది ఫోటో చూస్తూ కూర్చున్నాను. చాలామంది ఇళ్ళల్లో ఉండేదే. 1934 ఫిబ్రవరిలో బొంబాయి రాజగృహలో తీసిన కుటుంబం ఫోటో. కొడుకు యశ్వంత్, బాబాసాహెబ్, రమాబాయి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్. వాళ్ళందరి ముందు ఒక కుక్క. దాని పేరు టోబీ. ఇన్నేళ్ళూ ఆ ఫోటోకి దండలేశాను. కుక్కను చూసినదాన్ని కాదు. ఇంకో సంగతి కూడా ఆరోజే తట్టింది. ఆ ఫోటో తీసిన ఏడాదికి, 1935 మే 27న, రమాబాయి జబ్బుతోనే కన్నుమూసింది. అంతటి మనిషి ఇంట్లోనే భార్యను దక్కించుకోలేకపోయారు. అదే ఇంట్లో కుక్కనీ పెంచుకున్నారు. ఒక దాని లెక్క ఇంకో దాంట్లో తీసేసుకోలేదు.

నన్ను నిద్రపోనివ్వనిది తమ్ముడి ప్రశ్న కాదు. అమ్మ.

1985 వేసవిలో అమ్మ ఎడమ రొమ్ములో గడ్డ మొదలైంది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి తొమ్మిదిలోకొచ్చాను. అమ్మ ఎవరికీ చెప్పలేదు. జూలై 17న కారంచేడు జరిగింది. మా పల్లెలో ఇంటింటికీ తిరిగి బియ్యం పోగేసి చీరాల శిబిరానికి పంపించారు. అమ్మ తవ్వెడు పోసింది. ఆ పోసేటప్పటికే గడ్డ ఉంది. తర్వాత నాట్లొచ్చినై. రోజంతా వంగి నాట్లేసే మనిషి. కూలి పోతుందని చెప్పలేదు. కోతలొచ్చినై, చెప్పలేదు. సంక్రాంతికి నేను ఇంటికొస్తే రవిక తడిసి ఉంది. అప్పుడు నాన్నకు తెలిసింది.

ఆర్.ఎం.పి. చూసి సూదులేశాడు. ఎవరో పసుపూ సున్నం కట్టమన్నారు. కట్టింది. ఫిబ్రవరిలో పట్నం తీసుకుపోయారు. అక్కడ మగ డాక్టరు, చుట్టూ నలుగురు కుర్రాళ్ళు. అమ్మ రవిక విప్పనంది. బతుకంతా పొలంలో ఆసామి చూపు నుంచి దాచుకుంటూ వచ్చిన ఒళ్ళది. ఇప్పుడు అడగ్గానే ఎట్టా చూపిద్ది? వాళ్ళు కసురుకున్నారు. చివరికి చూపించింది. "ఇప్పుడా తెచ్చేది? చంకలోకి పాకింది" అన్నారు. కరెంటు పెట్టించాలంటే పెద్ద ఊరు పోవాలన్నారు. నాన్న ఆసామిని అడిగాడు. పాత బాకీ తీరలేదన్నాడు ఆసామి. ఆరోగ్యశ్రీ వచ్చింది 2007లో. మా అమ్మ పోయింది 1986లో.

ఇప్పటిదాకా ఎక్కడా చెప్పనిది ఒకటుంది. ఆఖర్లో గడ్డ పగిలి పుండైంది. గుడిసె అంతా వాసన. చూడ్డానికొచ్చినవాళ్ళు వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోయేవాళ్ళు. ఊరు మమ్మల్ని ఎట్టా దూరంగా నిలబెట్టిందో, మేం మా అమ్మను అట్టా నిలబెట్టాం. నేను కూడా. హాస్టల్ నుంచి వచ్చి గడప దగ్గరే కూర్చుని, పైటచెంగు ముక్కుకు పెట్టుకుని, "అమ్మా, అన్నం తిన్నావా" అన్నాను. అమ్మ నా చెంగు వైపు చూసి మొహం గోడకి తిప్పుకుంది. మంచం కింద మాత్రం మా పల్లె కుక్క ఒకటి పడుకోనుండేది. అమ్మ ఎప్పుడూ దానికి గంజి పోసేది. అది లేచి పోలేదు. అమ్మ చెయ్యి కిందికి వేలాడేస్తే నాకేది. అమ్మను మోసుకుపోయిన రోజు కూడా మంచం కిందనుంచి దాన్ని కర్రతో కొట్టి లేపాల్సొచ్చింది.

మల్లి గడ్డ మీద వేళ్ళు ఆగినప్పుడు నా కళ్ళకు కనపడింది ఆ చెయ్యి, ఆ కుక్క, నా పైటచెంగు. ఇన్నేళ్ళ తర్వాత ఒక కుక్కకు ఎక్స్‌రే తీయించి, ఆడ డాక్టరుతో నెమ్మదిగా చూపించి, పాకకముందే తీయిస్తున్నాను. అమ్మకు ఇందులో ఒక్కటీ జరగలేదు. కుక్కకు చేయిస్తుంటే అమ్మను రెండోసారి చంపుతున్నట్టనిపించింది. చేయించకపోతే అమ్మకేమన్నా వస్తుందా? రాదు. రాత్రుళ్ళు ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి అనుకునేదాన్ని. ఒక తెల్లవారుఝామున లేచి చూస్తే మల్లి నా చెప్పుల మీద తలపెట్టి పడుకోనుంది. దానికి అప్పులూ లెక్కలూ ఏం తెలుసు! అమ్మ బాకీ ఈ కుక్క దగ్గర వసూలు చేస్తానా అనుకున్నాను. ఆరోజే డాక్టరుకు ఫోన్ చేశాను.

మార్చిలో ఆపరేషన్ అయింది. ఎడమ వరసలో వెనక మూడు చన్నులూ, గజ్జలో బిళ్ళా తీసేశారు. తీసింది ఫార్మలిన్ సీసాలో వేసి పరీక్షకు పంపించారు. మెడకు గరాటు లాంటి ప్లాస్టిక్ కట్టు కట్టారు, కుట్లు నాక్కోకుండా. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు పొరపాటున కూడా వెయ్యొద్దని, అవి కుక్కకు విషమని చెప్పి వేరే మందు చుక్కలు లెక్కపెట్టి పొయ్యమన్నారు. పదిరోజులకు రిపోర్టొచ్చింది. కేన్సరే. కాకపోతే కోసిన అంచుల్లో ఏం లేదు, బిళ్ళలోకీ పాకలేదు. మూణ్ణెల్లకోసారి ఎక్స్‌రే తీద్దామన్నారు.

కుట్లు ఇంకా విప్పకముందు మా చిన్నమ్మ వచ్చింది. అమ్మకు చెల్లెలు. అరవై దాటినై. పింఛను పనిమీద పట్నమొచ్చి రాత్రికి ఉండిపోయింది. మల్లి గరాటుతో గోడలకు గుద్దుకుంటూ తిరుగుతుంటే చూసి పగలబడి నవ్వింది. ఖర్చు సంగతి తెలిసి నవ్వాపేసింది.

"ఏందమ్మాయ్, నీకేమన్నా మతిపోయిందా? కుక్క రొమ్ముకి ఇరవై వేలా? మా అక్క రొమ్ముకి ఇరవై రూపాయలు పుట్టలా ఆరోజు."

"అవును చిన్నమ్మా. పుట్టలా."

ఇంకేం అనాలో నాకు తోచలేదు. వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి చిన్నమ్మ మల్లి పక్కన నేలమీద కూర్చుంది. మల్లి వెల్లకిలా పడుకుని గొరిగిన పొట్ట చూపిస్తుంది. చిన్నమ్మ కుట్ల పక్కన వేలుపెట్టి తడుముతుంది, మా తాత తడిమినట్టే. ఆయన కూతురే కదా.

"ఎంతుందే గడ్డ?"

"ఉసిరికాయంత."

"నొప్పుందా దీనికి?"

"లేదంట. మొదట్లో నొప్పుండదంట చిన్నమ్మా. అందుకే తెలియదంట."

చాలాసేపు మాట్లాడలేదు. మల్లి వైపే చూస్తూ, నా వైపు చూడకుండా, మెల్లగా అంది: "నాకూ ఒకటుంది పిల్లా. దసరాలనాడు చూసుకున్నా. నొప్పి లేదు గదా అని ఊరుకున్నా. కోడలికి చెప్పాలంటే సిగ్గేసింది."

నేను పక్కన కూర్చుని చెయ్యి పెట్టి చూశాను. జారలేదు.

మర్నాడే తీసుకుపోయాను. ఆడ డాక్టరు కావాలని అడిగి మరీ చూపించాను. చిన్నమ్మ రవిక మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది. నేను తెర లాగాను. పరీక్షలయినై. కేన్సరే, చంకలో ఒక బిళ్ళ కూడా ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ జరిగింది, మూడు వారాలకోసారి మందులెక్కించారు. జుట్టంతా ఊడింది. ఆ ఆరు నెలలూ మా ఇంట్లోనే ఉంది. వాంతులయ్యేవి, నోరంతా పూసేది. నేను మంచం మీదే, ఆమె పక్కనే కూర్చుని ముద్దలు పెట్టాను. ఒకరోజు మందు పడక ఒళ్ళంతా వాసనేస్తుంటే చిన్నమ్మే అంది, "కాస్త అవతలకి కూర్చోవే, కంపు కొడతన్నా." నేను జరగలేదు. మల్లి మంచం కింద పడుకోనుంది. చిన్నమ్మ చెయ్యి కిందికి వేస్తే నాకుతుంది.

చిన్నమ్మ బతికింది. ఇప్పుడు మాత్ర ఒకటి రోజూ మింగుతుంది, అయిదేళ్ళు మింగాలి. పల్లెకు పోయి ఊరుకోలేదు. నాట్లకు పోయే ఆడవాళ్ళను గట్టుమీద కూర్చోబెట్టి, "సిగ్గుపడి సచ్చింది మా అక్క. మీరు సూసుకోండే" అని ఎట్టా చూసుకోవాలో చెబుతుంది. మొదట్లో నవ్వేవాళ్ళంట. ఇప్పుడు వాళ్ళే వచ్చి చెయ్యి పట్టుకుని చాటుకు తీసుకుపోతున్నారంట. ఇద్దరిని నా దగ్గరికి పంపించింది. ఒకామెది జారే గడ్డే, ఏం కాదన్నారు. రెండో ఆమెకు వైద్యం నడుస్తుంది. కమిటీ తమ్ముడే బండి మీద తీసుకుపోతుంటాడు. కుక్క సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి మాత్రం మల్లికని బిస్కెట్లు తెచ్చాడు.

మల్లికి ఏడాదిన్నర బాగానే నడిచింది. 2024 నవంబరు ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద మచ్చలు కనబడినై. ఈసారి డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తలేదు. తిననివ్వండి, పడుకోనివ్వండి, ఆయాసం ఎక్కువైతే తీసుకురండి, నొప్పి తెలియకుండా నిద్రపుచ్చుదాం అంది. ఈసారి నేను ఆటోలో ఏడవలేదు. ఆటో అబ్బాయి అడిగితే, "మా కుక్కకి కేన్సరు" అని చెప్పాను. 2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆయాసం ఎక్కువైంది. తెల్లారి తీసుకుపోదామనుకున్నాం. తెల్లారకముందే నా చెప్పుల దగ్గర కన్నుమూసింది.

కబురు తెలిసి చిన్నమ్మ మొదటి బస్సుకే వచ్చింది. పెరట్లో వేపచెట్టు కింద మా ఆయన గొయ్యి తవ్వాడు. మున్సిపాలిటీ వాళ్ళకు ఫోన్ చేస్తే వచ్చి తీసుకుపోతారు గదా అని పక్కింటాయన గోడమీంచి అన్నాడు. చిన్నమ్మ పలకలేదు. పాత చీర తెచ్చి పరిచింది. ఒక కొస తను పట్టుకుని, రెండోది నన్ను పట్టుకోమంది.

"ఆపరేషనైన చెయ్యి, బరువెత్తొద్దన్నారు చిన్నమ్మా" అన్నాను.

"ఊరోళ్ళ గొడ్లన్నీ మోసినాడే మీ తాత. తిట్టి పిలిస్తే పోయి మోసినాడు. ఇది మనది. దీన్ని మోయమని ఎవురూ పిలవలా. పట్టుకో" అంది.

పట్టుకున్నాను.